ఎదిగిన బిడ్డకు సొంత గూడు: ఆటిజం ఉన్న పెద్దవాళ్ల కోసం ఇల్లు ఎలా అమర్చాలి

కుక్కర్ మూడో విజిల్ వేసేసరికి మా వాడు రెండు చెవులూ గట్టిగా మూసుకుని గేటు దాకా ఉరికేవాడు. ఒక్కోసారి గేటు దాటి రోడ్డు మీదికి కూడా. వాడికి ఇరవై నాలుగేళ్లు వచ్చేదాకా దాన్ని మేం మొండితనం కిందే లెక్కేసుకున్నాం. మందులు మార్పించాం, గేటుకు తాళం వేశాం, తిట్టాం. చివరికి ఒకరోజు కుక్కర్‌ను వెనక వాష్ ఏరియాలోకి మార్చి, వంటింటికీ హాలుకూ మధ్య ఒక తలుపు పెట్టించాం. వారం తిరిగేసరికి ఉరకడం ఆగిపోయింది. ఇన్నేళ్లూ వాణ్ని మార్చాలని చూశామే తప్ప, ఇంటి వైపు ఒక్కసారి కూడా చూడలేదు.

వాడికిప్పుడు 29 ఏళ్లు. హనుమకొండలో మరో రెండు కుటుంబాలతో కలిసి ఒక ఇల్లు అద్దెకు తీసుకున్నాం. అందులో ముగ్గురు యువకులు, వంతులవారీగా ఇద్దరు సహాయకులు ఉంటారు. మా ఇంటి నుంచి ఆటోలో పది నిమిషాలు. నేను ఇంజినీర్‌ను కాను, లెక్కల టీచర్‌గా రిటైర్ అయ్యాను. చదివి తెలుసుకున్నవీ, డబ్బు పోగొట్టుకుని తెలుసుకున్నవీ ఇక్కడ వరుసగా రాస్తున్నాను.

ముందుగా ఒక మాట. "మనం పోయాక వీడి గతేంటి?" అని ప్రతి తల్లీ తండ్రీ రాత్రిపూట అనుకుంటారు. ఆ ఆలోచనతో డబ్బు కూడబెడతారు, ఎవరో ఒక చుట్టానికి అప్పజెప్పాలనుకుంటారు. కానీ ఆటిజం ఉన్న మనిషికి కొత్త ఇల్లు అలవాటు కావడానికే నెలలు పడుతుంది. అమ్మ పోయిన వారంలోనే ఇల్లు కూడా మారిపోతే ఆ మనిషి రెండు దెబ్బలు ఒకేసారి తింటాడు. అందుకే మన కాళ్లు ఆడుతున్నప్పుడే, మనం పక్కన ఉండగానే, ఆ ఇల్లు వాళ్లకు అలవాటు కావాలి.

1. ముందు పదిహేను రోజులు నోట్‌బుక్ రాయండి

మేస్త్రిని పిలవకముందే చేయాల్సిన పని ఇది. దీనికి రూపాయి ఖర్చు లేదు. చాలామంది చేయరు.

ఆటిజం ఉన్నవాళ్లలో చాలామందికి శబ్దం, వెలుతురు, వాసన, స్పర్శ, వేడి అందరిలా అనిపించవు. కొందరికి ఎక్కువగా, కొందరికి బాగా తక్కువగా అనిపిస్తాయి. ఒకే మనిషికి శబ్దం విపరీతంగా వినిపించి, నొప్పి మాత్రం ఆలస్యంగా తెలియొచ్చు. 2013లో వచ్చిన డీఎస్ఎం-5 (మానసిక, ఎదుగుదల సమస్యలను గుర్తించడానికి డాక్టర్లు వాడే అమెరికన్ పుస్తకం) ఈ ఇంద్రియాల తేడాను ఆటిజం లక్షణాల్లో చేర్చింది. కాబట్టి "ఆటిజానికి సరిపడే ఇల్లు" అని ఒకే నమూనా ఉండదు. మీ బిడ్డకు సరిపడే ఇల్లు ఉంటుంది.

నోట్‌బుక్‌లో మూడు గడులు గీయండి: టైమ్, ఏం జరిగింది, దానికి ముందు చుట్టుపక్కల ఏముంది. నా నోట్‌బుక్‌లో ఒక పేజీ ఇలా ఉంది: "ఉదయం 6:40, బాత్‌రూమ్‌లోకి వెళ్లనన్నాడు. లైట్ వేశాను. ఎగ్జాస్ట్ ఫ్యాన్ కూడా తిరిగింది." "మధ్యాహ్నం 2, మెట్ల కింద కూర్చున్నాడు, నలభై నిమిషాలు. చల్లగా, చీకటిగా ఉంది. హాయిగా ఉన్నాడు." "సాయంత్రం 7:15, చేయి కొరుక్కున్నాడు. ఇంటికి చుట్టాలు. హాల్లో ఆరుగురు." గొడవ జరిగిన చోట్లే రాసి ఊరుకోవద్దు. వాళ్లంతట వాళ్లు వెళ్లి ప్రశాంతంగా కూర్చునే చోట్లు కూడా రాయండి. మా కొత్త ఇంట్లో నిశ్శబ్దపు గది ఎలా ఉండాలో ఆ మెట్ల కింద చోటే మాకు చెప్పింది.

మాట్లాడగలిగే బిడ్డ అయితే నేరుగా అడగండి. మాటలు రానివాళ్లకు ఫోటోలు, రంగు ముక్కలు, బట్ట ముక్కలు ముందు పెట్టి ఏది తీసుకుంటారో చూడండి. మా వాడి గదికి లేత నీలం వేద్దామని మేం అనుకున్నాం, వాడు మూడుసార్లూ ఆకుపచ్చ ముక్కే తీశాడు. ఆకుపచ్చే వేయించాం.

ఉన్నట్టుండి తల బాదుకోవడం, నిద్ర పట్టకపోవడం లాంటివి మొదలైతే మాత్రం ఇంటిని అనుమానించేముందు డాక్టర్‌కు చూపించండి. పంటి నొప్పి, చెవి నొప్పి, మలబద్ధకం చెప్పుకోలేని మనిషి వాటిని అలాగే చూపిస్తాడు.

2. ఎలాంటి ఇల్లు, ఎక్కడ?

ఉన్న ఇంట్లోనే ఒక పోర్షన్ విడిగా అమర్చడం, పై అంతస్తు ఇవ్వడం, రెండు మూడు కుటుంబాలు కలిసి ఇల్లు తీసుకోవడం, సంస్థలు నడిపే వసతి గృహంలో చేర్చడం: మన దగ్గర ఈ నాలుగు దారులున్నాయి. ఏదైనా సరే, ఒకే కప్పు కింద ముగ్గురు నలుగురికి మించకపోతే మేలని నా అభిప్రాయం. మనుషులు పెరిగేకొద్దీ శబ్దం పెరుగుతుంది, ఎవరి అలవాట్లూ నిలవవు. అమెరికాలో కాలిఫోర్నియాలోని సొనోమా పట్టణంలో స్వీట్‌వాటర్ స్పెక్ట్రమ్ అని 2013లో మొదలైన ఒక చోటు ఉంది. పదహారు మందికి ఒకే పెద్ద భవనం కట్టకుండా నాలుగు ఇళ్లు కట్టారు, ఇంటికి నలుగురు, ఎవరి గది వాళ్లకు. దాని ఫోటోలు చూసే మేం మా లెక్క ముగ్గురి దగ్గర ఆపుకున్నాం.

2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 5వ సెక్షన్ ప్రకారం వీళ్లకు అందరి మధ్య బతికే హక్కుంది, ఫలానా చోటే ఉండాలని ఎవరూ బలవంతం చేయకూడదు. కాబట్టి ఊరి బయట నాలుగు గోడలు కట్టి దాచేయాలన్న ఆలోచన వద్దు. కిరాణా షాపు, టీ కొట్టు, నడవడానికి ఒక చెట్ల దారి కాలినడక దూరంలో ఉండాలి. కిరాణా ఆయనకు వీళ్లు పేరుతో తెలియాలి.

ఇల్లు చూడటానికి ఒక్కసారి వెళ్లి అడ్వాన్స్ ఇచ్చేయకండి. తెల్లవారుజామున ఒకసారి, సాయంత్రం ఏడింటికి ఒకసారి, మంచి ముహూర్తాలున్న రాత్రి ఒకసారి వెళ్లండి. మేం మొదట చూసిన ఇల్లు అన్ని విధాలా నచ్చింది. పెళ్లిళ్ల సీజన్‌లో రాత్రి పదింటికి వెళ్తే తెలిసింది, వెనక వీధిలో ఫంక్షన్ హాల్ ఉంది. డీజే మోతకు కిటికీ అద్దాలు అదురుతున్నాయి. అయితే శబ్దమంటే అందరికీ పడదనుకోవద్దు. మాతో కలిసిన ఒక కుటుంబంలోని అబ్బాయికి రైలంటే ప్రాణం. కాజీపేట వైపు పోయే రైలు కూత వినిపిస్తే ముఖం విప్పారుతుంది. ఆ కూత దూరంగా వినిపించే ఇల్లే చివరికి తీసుకున్నాం.

వరంగల్, హనుమకొండల్లో ఇంకో రెండు విషయాలు తప్పకుండా చూడాలి. ఒకటి వరద. 2020 ఆగస్టులో, 2023 జులైలో పల్లపు కాలనీలు ఎలా మునిగాయో మనం చూశాం. అర్ధరాత్రి టార్చిలైట్ల మధ్య పడవ ఎక్కించడం ఆటిజం ఉన్న మనిషికి ఎంత భయంకరమో ఊహించండి. పాత వరద గుర్తు గోడ మీద ఎంత ఎత్తున ఉందో పక్కింటివాళ్లను అడగండి. రెండోది నీళ్లు. కాకతీయుల పుణ్యమా అని మన చుట్టూ అన్నీ చెరువులే. ఆటిజం ఉన్న చాలామందిని నీళ్లు లాగేస్తాయి, ఇంట్లోంచి వెళ్లిపోయినవాళ్ల విషయంలో అన్నిటికన్నా పెద్ద ప్రమాదం అదే. చెరువు గట్టుకూ, మూత లేని బావికీ దగ్గరగా ఉన్న ఇల్లు ఎంత చవకైనా వదిలేయండి.

3. గదుల అమరిక

కైరోలోని అమెరికన్ విశ్వవిద్యాలయంలో పనిచేసే ఆర్కిటెక్ట్ మగ్దా ముస్తఫా ఆటిజం కోసం భవనాలు ఎలా ఉండాలన్నదానికి ఏడు సూత్రాలు చెప్పారు: శబ్దం అదుపు, రోజు పనుల వరుసలో గదులు, తప్పించుకుని కూర్చునే చోటు, ఒక చోట ఒకే పని, ఒక గది నుంచి ఇంకో గదికి మారేటప్పుడు మధ్యలో ఊపిరి తీసుకునే జాగా, సందడి గదులు ఒకవైపు ప్రశాంత గదులు ఒకవైపు, భద్రత. ఇవి చదివినప్పుడు నాకు మా అమ్మమ్మగారి పెంకుటిల్లు గుర్తొచ్చింది. వీధి, అరుగు, వాకిలి, వసారా, ఆ తర్వాత అర్ర. వీధిలోంచి ఒక్క అడుగులో లోపలికి పడిపోయేవాళ్లం కాదు. ఇప్పటి ఫ్లాట్లలో లిఫ్ట్ దిగి తలుపు తెరిస్తే నేరుగా హాల్లో సోఫా ముందు నిలబడతాం.

అందుకే గుమ్మం లోపల చిన్న జాగా వదలండి. నాలుగడుగుల బెంచీ, చెప్పుల స్టాండ్, గోడకు కొక్కెం చాలు. బయటి నుంచి వచ్చిన మనిషి అక్కడ కూర్చుని, చెప్పులు విడిచి, లోపల ఎవరున్నారో చూసుకుని వెళ్తాడు. తలుపులో నిలువు అద్దం ముక్క ఉంటే లోపలేముందో ముందే కనబడుతుంది. తన గదిలోకి వెళ్లడానికి హాల్లో జనాన్ని దాటుకుని పోవాల్సిన అవసరం ఉండకూడదు. మా ఇంట్లో దీనికోసం ఒక కిటికీ తీసేసి దర్వాజ పెట్టించాం. ఓనర్‌ను ఒప్పించడానికి రెండు నెలలు పట్టింది.

వంటగది, టీవీ, మోటరు, వాషింగ్ మెషిన్ ఒకవైపు. పడక గదులు ఇంకోవైపు. ఎవరి గది వాళ్లకే, వీలైతే ఎవరి బాత్‌రూమ్ వాళ్లకే. వాస్తు కుదరలేదని ఇంట్లో పెద్దవాళ్లు అభ్యంతరం చెప్తే గదులు అటూఇటూ మార్చుకోవచ్చు, కానీ సందడివైపు ప్రశాంతవైపు అనే విభజన మాత్రం వదులుకోవద్దు.

నిశ్శబ్దపు గది పూజగది అంత ఉన్నా సరిపోతుంది, ఐదడుగులు ఆరడుగులు. మెత్తని పరుపు, బరువైన దుప్పటి, మసక వెలుతురు, ఒక కర్టెన్. దానికి బయటినుంచి గొళ్లెం పెట్టనే పెట్టకండి. "అల్లరి చేస్తే ఆ గదిలో వేస్తా" అన్న మాట ఒక్కసారి నోట్లోంచి వస్తే ఆ గది ఇక పనికిరాదు. అది వాళ్లు తమంతట తాము వెళ్లి, తమంతట తాము బయటకు వచ్చే చోటు.

4. శబ్దం

అన్నిటికన్నా ఎక్కువ సమయం, ఎక్కువ ఓపిక నేను దీని మీదే పెట్టాను. ఒక రాత్రి పన్నెండింటికి ఇంట్లో అన్నీ ఆపేసి, చీకట్లో కూర్చుని వినండి. ఇన్వర్టర్ గుయ్‌మంటుంది. ఫ్రిజ్ ఉండుండి గురక పెడుతుంది. ఫ్యాన్ బేరింగ్ టిక్‌టిక్‌మంటుంది. వాటర్ ప్యూరిఫయర్ ట్యాంకు నిండితే కీచుమంటుంది. మన చెవులు వాటిని ఎప్పుడో వినడం మానేశాయి, వాళ్ల చెవులు మానవు.

మొదట శబ్దం పుట్టే చోటే తగ్గించాలి. ఇన్వర్టర్‌ను, మోటర్‌ను పడక గది గోడకు దూరంగా మార్చండి. కుర్చీల కాళ్లకు రబ్బరు బుష్‌లు వేయండి. ఇరవై రూపాయల పని, కానీ షాబాద్ బండ మీద స్టీలు కుర్చీ లాగిన చప్పుడు ఇక ఉండదు. స్టీలు కంచాలు సింకులో పడేసే అలవాటుంటే సింకులో రబ్బరు మ్యాట్ వేయండి. మిక్సీ, కుక్కర్ వాడే టైమ్ రోజూ ఒకటే ఉండాలి, ముందు ఆ మాట వాళ్లకు చెప్పాలి.

బాత్‌రూమ్ సంగతి నోట్‌బుక్‌లో చూశారు కదా. మా దగ్గర లైటూ, ఎగ్జాస్ట్ ఫ్యానూ ఒకే స్విచ్ మీద ఉండేవి. వాడికి వెలుతురు కావాలి, ఫ్యాన్ మోత వద్దు. కానీ రెండూ కలిసే వచ్చేవి, కాబట్టి బాత్‌రూమే వద్దనేవాడు. ఎలక్ట్రీషియన్ అరగంటలో రెండు స్విచ్‌లు విడగొట్టాడు. ఏళ్ల తరబడి పొద్దున్నే జరిగిన యుద్ధం ఆ అరగంట పనితో ముగిసింది. మీ ఇంట్లో ఏ స్విచ్ దేనికి జోడై ఉందో ఒకసారి చూసుకోండి.

తర్వాత సందులు. గోడ ఎంత మందంగా ఉన్నా తలుపు కింద అరంగుళం ఖాళీ ఉంటే చాలా శబ్దం అందులోంచే వస్తుంది. పడక గదికి లోపల బోలుగా ఉండే ఫ్లష్ డోర్ వద్దు, గట్టి చెక్క తలుపు పెట్టించండి. ఫ్రేమ్ చుట్టూ రబ్బరు పట్టీ, కింద బ్రష్ పట్టీ వేయించండి. మా సుతారి మేస్త్రి దాన్ని చూసి, "గిట్ల ఏసీ గదులకు వెడ్తరు గదమ్మా, మీకెందుకు?" అన్నాడు. సంగతి చెప్పాక తనే కిటికీ రెక్కలకు కూడా వేసి పోయాడు, డబ్బులు తీసుకోలేదు.

ఇక గది లోపలి ప్రతిధ్వని. ఖాళీ గదిలో ఒక్కసారి చప్పట్లు కొట్టండి. టంగ్‌మని తిరిగొస్తే ఆ గదిలో నలుగురు మాట్లాడితే వాళ్లకు తల తిరిగిపోతుంది. గట్టి గోడలు, టైల్స్, అద్దాలు శబ్దాన్ని తిప్పికొడతాయి, మెత్తని మందమైన బట్ట పీల్చుకుంటుంది. దీనికి బయటినుంచి ఖరీదైన ప్యానెల్స్ తెప్పించాలా అని అనుకుంటుండగా మా ఆయన వరంగల్‌లో జంపఖానాలు నేసే కొత్తవాడకు పోయి నాలుగు జంపఖానాలు తెచ్చారు. వరంగల్ జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చింది, మనం మాత్రం వాటిని పెళ్లిళ్లలో కింద పరవడానికే వాడుకుంటాం. ఒకటి నేల మీద, రెండు ఎదురెదురు గోడలకు. గోడకు నేరుగా అంటించకుండా చెక్క బద్దీ కొట్టి రెండంగుళాల ఎడంతో వేలాడదీస్తే శబ్దం ఇంకా బాగా పీల్చుకుంటాయి. ఉతుక్కోవచ్చు, చిరిగితే మార్చుకోవచ్చు. మా వాడు పడుకునే ముందు గోడకున్న దాని అంచు చారలను వేలితో ఒక్కొక్కటీ లెక్కపెట్టుకుంటాడు.

5. వెలుతురు

పాత చోక్ ట్యూబ్‌లైట్లు సెకనుకు వందసార్లు మినుకుమంటాయి. చాలామందికి తెలియదు, కొందరికి అది కంట్లో గుచ్చినట్టుంటుంది. కొన్ని చవక ఎల్‌ఈడీలు కూడా అంతే. ఫోన్ కెమెరాను స్లో మోషన్‌లో పెట్టి వెలుగుతున్న బల్బును తీయండి, వీడియోలో దపదపలాడితే ఆ బల్బు మార్చేయండి. పడక గదికి పసుపు ఛాయ ఉన్న 2,700 నుంచి 3,000 కెల్విన్ల బల్బులు, నేరుగా కంట్లో పడకుండా గోడ మీదికి తిప్పి. మెరిసే టైల్స్ మీద మధ్యాహ్నపు ఎండ అద్దంలా తిరిగి కొడుతుంది, కొత్తగా వేయిస్తే మ్యాట్ రకమే తీసుకోండి. రాత్రికి చీకటి కర్టెన్లు. వీళ్లలో చాలామందికి నిద్ర పెద్ద సమస్య, వీధిలైటు దానికి తోడు కాకూడదు.

6. ఎండ, నేల, వాసన

మే నెలలో మన దగ్గర 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి. తమకు వేడిగా ఉందని, దాహంగా ఉందని గుర్తించలేని వాళ్లు వీళ్లలో ఉంటారు. కొన్ని మానసిక మందులు వేడిని తట్టుకునే శక్తిని కూడా తగ్గిస్తాయి, మీ బిడ్డ వాడే మందుల గురించి డాక్టర్‌ను అడగండి. స్లాబ్ మీద తెల్లని కూల్ రూఫ్ పెయింట్ వేయించండి, తెలంగాణ ప్రభుత్వం 2023లో దీనికోసం ప్రత్యేకంగా ఒక పాలసీయే తెచ్చింది. డబ్బు లేకపోతే తెల్ల సున్నం వేసినా తేడా తెలుస్తుంది. పడమటి గోడకు ఎండ పడకుండా ఒక పందిరి. పెద్ద రేకు కూలర్ మోత భరించలేకపోతే దాన్ని కిటికీ బయట పెట్టి తక్కువ స్పీడులో నడపండి. నీళ్ల కుండ, గ్లాసు కంటికి ఎదురుగా ఉండాలి. లోపల అల్మారాలో ఉంటే అది లేనట్టే.

కొత్త పెయింట్ వాసన కొందరికి వాంతి తెప్పిస్తుంది. తక్కువ వాసన రంగులే వాడి, కిటికీలు తెరిచి మూడు వారాలు ఆరనిచ్చాకే ఇంట్లోకి తీసుకెళ్లండి. ఫినాయిల్, అగరొత్తులు, రూమ్ ఫ్రెష్‌నర్ కూడా నోట్‌బుక్‌లో చేర్చండి.

7. బాత్‌రూమ్

ఆటిజంతో పాటు మూర్ఛ వ్యాధి ఉండే అవకాశం మామూలు జనాభాలో కన్నా ఎక్కువ. లోపల పడిపోతే లోపలికి తెరుచుకునే తలుపుకు మనిషే అడ్డమవుతాడు. అందుకే తలుపు బయటికి తెరుచుకోవాలి. గడియ లోపలినుంచి వేసుకునేదే ఉండాలి, ఎందుకంటే పెద్దవాళ్లకు చాటు కావాలి. కానీ అవసరమైతే బయటినుంచి నాణెంతో తిప్పి తెరవగలిగే రకం కొనండి. హార్డ్‌వేర్ షాపుల్లో దొరుకుతుంది.

గీజర్‌ను 50 డిగ్రీల దగ్గర పెట్టండి. 60 డిగ్రీల నీళ్లు కొన్ని సెకన్లలోనే చర్మాన్ని కాలుస్తాయి, నొప్పి ఆలస్యంగా తెలిసే మనిషి చేయి వెనక్కి తీసుకోడు. వేడినీళ్లూ చన్నీళ్లూ కలిపి ఒకే వేడిలో ఇచ్చే థర్మోస్టాటిక్ వాల్వ్ పెట్టించగలిగితే ఇంకా మంచిది. షవర్ చినుకులు సూదుల్లా గుచ్చుతాయనేవాళ్లుంటారు. వాళ్లకు బకెట్టూ మగ్గే సుఖం. నేల జారని టైల్స్, చేత్తో పట్టుకునే కడ్డీ, పగలని అద్దం.

స్నానం వరుసను ఫోటోలుగా తీసి లామినేట్ చేసి గోడకు పెట్టండి: బట్టలు తీయడం, నీళ్లు, సబ్బు, నీళ్లు, టవల్, బట్టలు. ఇంటర్నెట్‌లో దొరికే బొమ్మలు వద్దు, వాళ్ల సబ్బు, వాళ్ల టవల్ ఫోటోలే ఉండాలి. రెండో నెలలో సబ్బు బ్రాండ్ మారితే ఫోటో కూడా మార్చండి. మా దగ్గర ఒక సహాయకుడు తెలియక వేరే సబ్బు తెచ్చాడు, రెండు రోజులు స్నానం ఆగిపోయింది.

8. ప్రమాదాలు

సంపు మూతకు తాళం. మేడ మీద పిట్టగోడ నాలుగడుగులకు తగ్గకూడదు, ఎక్కడానికి వీలయ్యే కుండీలు దాని పక్కన పెట్టొద్దు. గ్యాస్ సిలిండర్ బయట పెట్టి, పైపు మధ్యలో ఆపే వాల్వ్. వంట నేర్చుకుంటున్నవాళ్లకు తనంతట తానే ఆగిపోయే ఇండక్షన్ స్టవ్ మంచిది. కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే 30 మిల్లీయాంప్‌ల ఆర్‌సీసీబీ స్విచ్ తప్పనిసరి.

తలుపుల విషయంలో నేను చాలా రోజులు మథనపడ్డాను. బయటికి పోతారన్న భయంతో తాళం వేస్తే, మంటలు వచ్చిన రోజు ఆ తాళమే చంపుతుంది. మేం చివరికి చేసింది ఇది: గేటుకూ, ముందు దర్వాజకూ తెరిస్తే మోగే చిన్న బెల్ పెట్టాం, సహాయకుడి గదిలో మోగుతుంది. వెనక ఇంకో దారి ఉంచాం. ఒక కిటికీ గ్రిల్‌ను లోపలినుంచి తెరిచేలా చేయించాం. మన ఇళ్లలో కిటికీ గ్రిల్స్ అన్నీ వెల్డింగ్ చేసి బిగించేస్తారు, అగ్నిప్రమాదంలో అవి జైలు ఊచలే అవుతాయి. పడక గదుల్లో, బాత్‌రూముల్లో కెమెరాలు వద్దే వద్దు.

9. ఊయల

చాలామందికి ఊగడం వల్ల ఒళ్లు కుదుటపడుతుంది. పెద్దవాళ్లకు కూడా. మనకు ఇంట్లో ఊయల కొత్తేమీ కాదు. అయితే ఫ్యాన్ హుక్‌కు మాత్రం కట్టకండి. ఊగేటప్పుడు పడే బరువు మనిషి బరువుకు రెండు రెట్లు దాటొచ్చు. బీమ్‌కు, ఇంజినీర్‌ను అడిగి, కొక్కెం వేయించండి.

10. రోజు, పండుగ, కరెంటు కోత

గోడ మీద ఒక బోర్డు. ఈ రోజు ఏ వారం, ఎవరు డ్యూటీలో ఉన్నారు (ఫోటోతో), ఏం కూర, బయటికి ఎప్పుడు వెళ్తాం. ఏదైనా మారితే ముందే బోర్డు మీద మార్చాలి. కరెంటు పోతే ఏం జరుగుతుందో కూడా ఒక కార్డు ఉంది మా దగ్గర: "కరెంటు పోయింది. ఇన్వర్టర్ లైట్ వస్తుంది. మళ్లీ వస్తుంది." అంతే.

వినాయక చవితి, దసరా రోజులు మాకు గట్టి పరీక్ష. నెల ముందే కాలనీ యువకుల దగ్గరికి వెళ్లి మండపం స్పీకర్ మొహం అటు తిప్పమని అడిగాం. ఒప్పుకున్నారు. బతుకమ్మకు మాత్రం మా వాడు వస్తాడు, సద్దుల రోజు కొంచెం దూరంగా నిలబడి గునుగుపూలు చేత్తో నిమురుతూ. అరగంట ఉంటాడు, చెవులకు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని. పండుగ నుంచి పూర్తిగా దాచేయడం కన్నా, వెళ్లిపోయే దారి చూపించి తీసుకెళ్లడం మేలు.

11. మనుషులు

ఎంత మంచి గోడ కట్టినా లోపలి మనిషి విసుక్కుంటే అంతా వృథా. సహాయకులకు సరైన జీతం, వారానికి ఒక సెలవు, పడుకోవడానికి వాళ్లకంటూ ఒక గది ఇవ్వండి. హాల్లో చాప మీద పడుకునే మనిషి ఆరు నెలలకు మించి నిలవడు, మనిషి మారినప్పుడల్లా మన పిల్లలు మళ్లీ మొదటికొస్తారు. ఒక్కొక్కరి గురించి రెండు పేజీల కాగితం రాసిపెట్టండి: ఏది ఇష్టం, ఏది బాధిస్తుంది, నొప్పి ఎలా చూపిస్తాడు, మూర్ఛ వస్తే ఏం చేయాలి. తలుపు కొట్టి లోపలికి వెళ్లడం సహాయకులకు మొదటి రోజే నేర్పించాలి. ఆడపిల్లలున్న ఇంట్లో సహాయకులు ఆడవాళ్లే ఉండాలి. తల్లిదండ్రులు చెప్పకుండా ఏ టైమ్‌లోనైనా వచ్చి చూసే వీలుండాలి.

12. కాగితాలు

పద్దెనిమిదేళ్లు నిండాక తల్లిదండ్రులకు చట్టప్రకారం దానంతటదే సంరక్షణ హక్కు ఉండదు. 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం కింద జిల్లా కలెక్టర్ అధ్యక్షతన ఉండే స్థానిక స్థాయి కమిటీ దగ్గర దరఖాస్తు చేసుకోవాలి. 2021 నుంచి హనుమకొండ, వరంగల్ వేర్వేరు జిల్లాలు, మీ చిరునామా ఏ జిల్లాలో ఉందో చూసుకుని అక్కడికే వెళ్లండి. నేను ఒకసారి పొరపాటున వేరే కలెక్టరేట్‌లో రెండు గంటలు లైన్‌లో నిలబడ్డాను. వికలాంగులకిచ్చే యూడీఐడీ గుర్తింపు కార్డు ముందే చేతిలో ఉండాలి. అదే ట్రస్ట్‌కు లక్ష రూపాయల వరకు వైద్యఖర్చులు ఇచ్చే నిరామయ బీమా, వసతి కోసం సమర్థ్-కమ్-ఘరౌందా అనే పథకం ఉన్నాయి. అర్హత ఉంటే రాష్ట్ర ప్రభుత్వ పింఛను ఉంది, 2023లో దాన్ని నెలకు 4,016 రూపాయలు చేశారు. పాత పన్ను విధానంలో ఉన్న తల్లిదండ్రులకు ఆదాయపు పన్నులో (1961 చట్టంలో ఇది 80డీడీ సెక్షన్) 75,000, వైకల్యం 80 శాతం లేదా అంతకు మించి ఉంటే 1,25,000 రూపాయల మినహాయింపు. మూడు కుటుంబాలు కలిసి ఇల్లు నడిపితే ఖర్చుల పంపకం, ఒకరు మానుకుంటే ఏం చేయాలన్నది మొదటే స్టాంపు పేపర్ మీద రాసుకోండి. మొహమాటం వద్దు.

13. ఇల్లు మారడం

ఒక్కరోజులో సామాను ఎత్తి తీసుకెళ్లకండి. మాకు ఎనిమిది నెలలు పట్టింది. మొదటి నెల ఆ ఇంటి ముందు నుంచి నడిచి పోవడమే. తర్వాత వసారాలో టీ, పదిహేను నిమిషాలు. తర్వాత మధ్యాహ్న భోజనం. తర్వాత నేనూ వాడూ కలిసి ఒక రాత్రి. తర్వాత నేను పక్క గదిలో. తర్వాత వాళ్ల నాన్న. మధ్యలో రెండుసార్లు వెనక్కి వచ్చేశాడు, బలవంతపెట్టలేదు. మళ్లీ టీ దగ్గరినుంచి మొదలుపెట్టాం. పాత దుప్పటి, పాత దిండు గలీబు ఉతక్కుండా తీసుకెళ్లాం, ఇంటి వాసన ఉంటుందని.

ఇప్పుడు ప్రతి ఆదివారం మా దగ్గరికి వస్తాడు. అన్నం తింటాడు, మెట్ల కింద కాసేపు కూర్చుంటాడు. నాలుగింటికి లేచి చెప్పులేసుకుని, ఆకుపచ్చ గది తాళంచెవి జేబులో ఉందో లేదో తడిమి చూసుకుని, గేటు దగ్గర నిలబడి ఆటో పిలవమని నా చేయి లాగుతాడు.